అత్త కిక్కుకు పలకని బండి

మొన్న సరోజన అత్త ఖమ్మం నుంచి మా ఇంటికి వచ్చిన పూటే మా స్కూటర్ మొరాయించింది. బటన్ నొక్కితే కిర్రుమనడం కూడా లేదు. మా ఆయన నొక్కినవాడు నొక్కినట్టే ఉన్నాడు, చివరికి మెకానిక్ నంబరు కోసం ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాడు. వరండాలో కుర్చీ వేసుకుని టీ తాగుతున్న అత్త, తల కూడా ఎత్తకుండా, "హ్యాండిల్ ఎటు దిప్పి పెట్టిన్రు?" అని అడిగింది. "హ్యాండిల్‌కూ కరెంటుకూ ఏం సంబంధం చిన్నమ్మా?" అన్నాడు మా ఆయన. ఆ మాటతో అత్తా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకుని నవ్వడం మొదలుపెడితే, ఆమె చేతిలో టీ చీర మీద ఒలికింది. మా ఇద్దరికీ మతి పోయిందనుకున్నాడు పాపం. చెప్పడం మొదలుపెడితే పొద్దు చాలదని ఆ పూట ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

అత్త అంటే మా నాన్నకు చెల్లెలు, అందరికంటే చిన్నది. నాకంటే కొన్నేళ్లే పెద్ద కాబట్టి మా ఇద్దరికీ వరస అత్తా కోడళ్లదే అయినా తగువులన్నీ అక్కచెల్లెళ్ల తగువులే. మా తాతవాళ్లది తల్లాడ దిక్కు. నాన్నకు ఇల్లందులో బొగ్గుబాయి నౌకరీ దొరికాక అందరం కదిలి, ఇల్లందు నుంచి అడవిలోకి పోయే దారి మీద ఒక ఊళ్లో ఇల్లు కట్టుకున్నాం. మా వైపు బొగ్గు తవ్వే గనిని బాయి అనే అంటారు. ఇంటి ముందు వీధి పొడవునా మట్టి అరుగు, అరుగు పక్కన గోడకు ఆనించి నాన్న మోటార్ సైకిల్. ఎన్ని చేతులు మారి మా ఇంటికి వచ్చిందో ఎవరికీ తెలియని పాత ఎర్ర బండి అది. ఆదివారం పొద్దున్నే నాన్న ముందు దానికి స్నానం చేయించి, తరువాత తను చేసేవాడు. మా అమ్మకు ఆ విషయంలో కొంచెం కడుపుమంట ఉండేది. "నా పెనిమిటికి ఇద్దరం, దానికే ముందు నీళ్లు" అని నవ్వుతూనే దెప్పేది.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ ఎక్కడైనా ముక్కుకు తగిలితే నేను నిలబడిపోతాను. బొగ్గుల పొయ్యి పొగ, ఎండాకాలంలో చాపల మీద ఎండబోసిన ఇప్పపువ్వు మత్తు తీపి, వాటి మధ్యలో పెట్రోలు. పెట్రోలు వాసన వంటింటి దాకా రావడానికి కారణం ఉంది. బండి స్టార్ట్ కాని రోజు నాన్న ఇంజను నెత్తిన ఉండే ప్లగ్గు విప్పి, వాసన చూసి, తడిగా ఉంటే అమ్మ చేతికిచ్చేవాడు. అమ్మ పట్కారుతో దాన్ని పట్టుకుని బొగ్గుల మీద అప్పడాన్ని తిప్పినట్టు అటూ ఇటూ తిప్పి, పెట్రోలు తడి ఆరాక, "కాలింది, తీస్కపోండి" అని కేకేసేది. ఆ పొయ్యి మీదే మా పప్పు ఉడికేది. మా ఇంట్లో తిన్న చుట్టాలు పప్పులో ఏదో కొత్త పోపు ఉందనుకునేవాళ్లు, మేము కాదనేవాళ్లం కాదు.

ఆ బండికి బ్యాటరీ లేదు. ఇంజను తిరిగితేనే లోపల కరెంటు పుడుతుంది, ఆ కరెంటు ప్లగ్గు మొన దగ్గర నిప్పురవ్వై మెరిస్తేనే పెట్రోలు అంటుకుని ఇంజను తిరుగుతుంది. కాబట్టి మొదటి తిప్పుడు మనిషి కాలితోనే తిప్పాలి. అందుకే మా ఇంట్లో ఆ బండి గురించి అభిప్రాయం లేని మనిషి లేడు. నాన్న పెట్రోలు అనేవాడు, అమ్మ ప్లగ్గు అనేది. నాయినమ్మ మాత్రం ఎప్పుడూ ఒకటే మాట, "దిష్టి."

నాయినమ్మ దిష్టి వైద్యం శనివారం శనివారం జరిగేది. ఒక నిమ్మకాయ, దానికి కిందా మీదా పచ్చిమిరపకాయలు గుచ్చి హ్యాండిల్ దగ్గర లైటు కింద కట్టేది. మా వైపు ఇళ్లలో కట్టడానికి, అల్లడానికి ఏం కావాలన్నా బాయి తీగే దిక్కు. గనిలో బొగ్గు పేల్చడానికి మందుకు తగిలించే సన్న తీగ అది, పేల్చాక మిగిలిన ముక్కలను పనివాళ్లు ఇంటికి తెచ్చుకునేవాళ్లు. ఎర్రవీ పసుపువీ రంగు రంగుల తీగలు. వాటితో బుట్టలు అల్లేవాళ్లు, దడి కట్టేవాళ్లు, చెప్పు తెగితే కుట్టేవాళ్లు. నాయినమ్మ అదే తీగకు నిమ్మకాయ గుచ్చేది, కాకపోతే పైన రంగు తొడుగు దిష్టికి అడ్డమని, కత్తిపీట మీద దాన్ని శుభ్రంగా గీకేసి, లోపలి లోహం మెరిసేదాకా తీసి మరీ కట్టేది. పోయిన వారం నిమ్మకాయ ఎండితే కాయ తెంపేది గానీ తీగ విప్పేది కాదు. మంత్రం కట్టిన తీగ విప్పొద్దట. అట్లా ఏళ్ల తరబడి చుట్టగా చుట్టగా లైటు వెనక గిజిగాడి గూడు తయారైంది.

సరోజన అత్త ఖమ్మంలో నర్సు చదువు పూర్తి చేసి వచ్చిన ఏడాది సంగతి ఇది. నేను ఇంటర్ లెక్కల్లో తప్పి, తల వంచుకుని ఇంట్లో కూర్చున్న ఏడాది కూడా అదే. అత్తకు మా ఊరి పక్కన చిన్న దవాఖానాలో ఉద్యోగం వచ్చింది. రోడ్డు దాకా జీపులో వచ్చిన టీకా మందును మంచుపెట్టెలో పెట్టుకుని, అడవి లోపలి గూడేలకు తీసుకుపోవడం ఆ ఉద్యోగంలో ముఖ్యమైన పని. నడిచిపోతే గూడెం చేరేలోగా మంచు కరుగుతుంది, మంచు కరిగితే మందు పాడవుతుంది. గూడేల పని చేయగలిగితేనే ఇక్కడ, లేకపోతే ఎక్కడో దూరం వేస్తామని, సోమవారం పొద్దునకల్లా ఏ సంగతో తేల్చమని డాక్టరమ్మ చెప్పింది. అప్పటికి నాన్న బాయి బస్సులో డ్యూటీకి పోతున్నాడు, బండి వారమంతా ఖాళీ. అత్త ధైర్యం చేసి బండి అడిగింది. నడపడం తనకు అప్పటికే వచ్చు. కోతలైన చేలో నేను వెనక పరుగెత్తుతుంటే, చీర కుచ్చెళ్లు బొడ్లో దోపుకుని, రెండు మూడు సార్లు గట్టు ఎక్కించి మరీ నేర్చుకుంది.

చిక్కల్లా స్టార్ట్ చేయడం దగ్గరే వచ్చింది. నాన్న బండిని అరుగు దగ్గర నుంచి లాగి, వాకిలి మధ్యలో నిలబెట్టి, ఒక్క కిక్కు కొడితే చాలు, పలికేది. అత్త కొడితే పలికేది కాదు. ఒకటి కాదు, కాలి పిక్క వాచేదాకా కొట్టినా సరే, బుస్సుమని గాలి వదిలేది గానీ పలికేది కాదు. ఇల్లందు నుంచి మెకానిక్ వచ్చాడు. వాకిట్లోకి లాగి తనూ ఒక్క కిక్కుకే స్టార్ట్ చేసి, టీ తాగి, "బండి బంగారం లెక్క ఉన్నది. తొక్కెటోల్ల కాల్లల్లనే ఉన్నది కత" అని అత్త కాళ్ల వైపు చూసి పోయాడు. అత్తకు ఏడుపొచ్చినంత పనైంది. నాకైతే అతను తాగిన టీలో ఉప్పు వేయనందుకు చాలా రోజులు బాధగా ఉండేది.

ఇక నాయినమ్మకు అడ్డే లేకపోయింది. అరుగు చివర కూర్చుని చింతపండు గింజలు తీస్తూ, "ఇనుముకు గూడ తెలుస్తది బిడ్డా, ఎవల్ని మోయాల్నో ఎవల్ని మోయొద్దో" అంది.

"దానికి కండ్లున్నయా అమ్మా తెలుస్తందుకు?" అంది అత్త.

"కండ్లు లేకుంటె మీ అన్నకు పలికి నీకెందుకు పలుకుతలేదు? ఇంటి ముంగట్నే గిట్ల చేస్తున్నది. రేపు అడవిల వాగు కాడ ఆగిందనుకో, ఒక్కదానివి ఏం చేస్తవ్? ఎవల్ని పిలుస్తవ్?"

నాయినమ్మది మొండితనం కాదు, భయం. వాగు దగ్గర ఎడమకు తిరిగే ఇరుకు మలుపులో నాన్నకు కూడా బండి చాలాసార్లు దగ్గి ఆగిపోయేది. అక్కడ ఏదో గాలి ఉందని ఊరంతా అనుకునేది. బండి అక్కడ ఆగిందని తెలిసిన ప్రతిసారీ నాయినమ్మ ఇంకో నిమ్మకాయ, ఇంకో రెండు చుట్లు తీగ ఎక్కువ కట్టేది. నాన్నది నడిమధ్య బతుకు. చెల్లెలి మాట కాదనలేడు, తల్లి మాట తీసేయలేడు. చివరికి ఒక తీర్పు చెప్పాడు.

"చెల్లె, ఆదివారం నా ముంగట నువ్వొక్కదానివే స్టార్ట్ చెయ్యి. చేస్తే తాళంచెవి నీదే, అమ్మకు నేను చెప్పుకుంట. కాలేదనుకో, డాక్టరమ్మకు కాదని చెప్పేద్దాం. సరేనా?"

"అవ్" అంది అత్త. ఆ గొంతు నేను ఇంకెప్పుడూ వినలేదు.

శనివారం మధ్యాహ్నం నాన్న డ్యూటీలో ఉన్నాడు. అత్తా నేనూ బండిని వాకిట్లోకి లాగి పెద్ద స్టాండు మీద నిలబెట్టాం. ప్లగ్గు విప్పి, దాని టోపీకే తగిలించి, ఇంజను ఇనుముకు ఆనించి పెట్టాం. నిప్పు వస్తుందో లేదో చూసే పద్ధతి అదే, నాన్న చేస్తుంటే చూసి చూసి మాకూ వచ్చేసింది. ఎండలో రవ్వ కనపడదు కాబట్టి అత్త గోనెసంచి కప్పుకుని ఇంజను మీదకు వంగింది. నేను కిక్కు కొట్టాను. "ఉన్నదే, నీలంగ మంచిగ ఉన్నది" అంది సంచి లోపలి నుంచి. ప్లగ్గు బిగించి, బండిని అరుగు దగ్గరకు తోసి, అత్త ఎక్కి కొట్టింది. పలకలేదు. మళ్లీ విప్పితే ప్లగ్గు పెట్రోలుతో తడిసి ఉంది. అమ్మ మళ్లీ కాల్చింది. మళ్లీ వాకిట్లోకి, మళ్లీ సంచి, మళ్లీ నీలం రవ్వ, మళ్లీ అరుగు దగ్గర మౌనవ్రతం. అమ్మ ఆ పూట కూర మానేసి ప్లగ్గే వండింది.

అలసిపోయి ఇద్దరం నేల మీద చతికిలబడ్డాం. అత్త కాసేపు బండినీ, వాకిలినీ, అరుగునూ మార్చి మార్చి చూసి, "పద్మా, ఒక మనిషి ఇంట్ల మంచిగుంటడు, దవాఖానల మంచిగుంటడు, పొలం కాడ్నే మూర్ఛ వచ్చి పడ్తడు. నువ్వైతె వాన్ని ఏడ చూస్తవ్?" అని అడిగింది.

"పొలం కాడ."

"మరి మనమేంది, ఆగేది అరుగు కాడ, చూసేది వాకిట్లనా?"

నాకు అప్పుడు వెలిగింది. అత్త పొట్టి మనిషి. ఆ బరువు బండిని స్టాండు మీద నిలబెట్టి ఒక్కతే ఎక్కలేదు. అందుకే ఎప్పుడూ బండిని అరుగుకు ఆనించి, హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు తిప్పి, అరుగు మీద నుంచే ఎక్కి కిక్కు కొట్టేది. నాన్నా మెకానిక్కూ ఎన్నడూ అక్కడ కొట్టి చూడనే లేదు. ఈసారి ప్లగ్గును అరుగు దగ్గరే విప్పాం. అత్త సంచి కప్పుకుంది. నేను అరుగు మీద నుంచి కాలు చాచి కొట్టాను.

"లేదు" అంది. ఇంకోటి కొట్టాను. "లేదే." కాలు జారి, పట్టు కోసం హ్యాండిల్ పట్టుకుని ఇటు లాక్కుని మళ్లీ కొట్టాను. "ఉన్నది" అని ఒక్కసారి సంచి కదిలింది. "ఏం చేసినవే?"

"ఏం చేయలె. హ్యాండిల్ పట్టుకున్న, అంతే."

"మళ్ల ఎటుండెనో అటు దిప్పు."

తిప్పి కొట్టాను. "పోయింది." ఇటు తిప్పితే "వచ్చింది." మా ఇద్దరికీ అది ఆట అయింది. గోనెసంచి లోపలి నుంచి అత్త వచ్చింది పోయింది అంటుంటే, దారిన పోయే పాలాయన ఆగి, లోపల పాముందేమోనని దూరం నుంచే అడిగి పోయాడు.

అత్త సంచి తీసేసి హ్యాండిల్ వెనక వెతకడం మొదలుపెట్టింది. తాళం నుంచి ఇంజనులోకి పోయే నల్ల వైరు సరిగ్గా నాయినమ్మ కట్టిన తీగల గూటి మధ్యలోంచి పోతోంది. హ్యాండిల్ ఎడమకు తిప్పినప్పుడల్లా ఆ గూడు బిగుసుకుని వైరు తొడుగును కోసి కోసి, లోపలి రాగి బయటపడింది. బాయి తీగ ఒక పక్క ఆ రాగికి, ఇంకో పక్క బండి ఇనుముకు తగిలితే ఇంకేముంది, పుట్టిన కరెంటు ప్లగ్గు దాకా పోకుండా ఇనుములోకే దిగిపోతోంది. తాళం తిప్పి బండి ఆపితే జరిగేది కూడా సరిగ్గా అదే. అంటే అత్త ఎక్కిన ప్రతిసారీ నాయినమ్మ నిమ్మకాయ పక్క నుంచి తాళం వేసేస్తోందన్నమాట. వాగు దగ్గరి ఎడమ మలుపులో ఉన్న గాలి కూడా ఇదే.

నాకు పొట్ట పట్టుకుని నవ్వాలనిపించింది. నోరు తెరిచేలోపే అత్త చేత్తో నా నోరు మూసింది. అరుగు ఆ చివర నాయినమ్మ మా వైపు వీపు పెట్టి చింతపండు గింజలు తీస్తూనే ఉంది.

"చెప్పకు" అంది అత్త నా చెవిలో. "అమ్మ కట్టిన నిమ్మకాయనే నన్ను ఆపిందని తెలిస్తె, దేవుడే ఒద్దన్నడంటది. ఇగ మా అన్న చెప్పినా వినది. పైంగ నా మూలంగనే బిడ్డ ఇంత గోస పడ్డదని పానం మీదికి తెచ్చుకుంటది."

చప్పుడు కాకుండా గూడంతా విప్పి, తీగలు కొంగులో మూటగట్టింది. వైరుకు నాన్న నల్ల టేపు చుట్టింది. నాయినమ్మ పోయిన వారం కాయ తెంపేసింది గానీ ఆ శనివారం నిమ్మకాయ ఇంకా కట్టలేదు కాబట్టి హ్యాండిల్ బోసిగా మిగిలింది. సాయంత్రమైనా ఆమె నిమ్మకాయతో బయటికి రాలేదు. అమ్మతో ప్లగ్గుకు మసి పట్టిందని చెప్పింది. "నేను అన్ననా లేదా" అంది అమ్మ, పట్కారు పక్కన పెడుతూ.

ఆదివారం పొద్దున నాన్న అరుగు మీద నిలబడ్డాడు. నాయినమ్మ గడపలో కూర్చుంది. అత్త బండిని అరుగుకు ఆనించి, ఎప్పట్లాగే ఎక్కి, కిక్కు కొట్టింది. మొదటి కిక్కుకే పలికింది. నాన్న ముఖం విప్పారింది, తాళంచెవుల గుత్తిలోంచి బండి తాళం వేరు చేసి చెల్లెలి చేతిలో పెట్టాడు. నాయినమ్మ మాత్రం లేచి లోపలికి పోయి ఆ రోజంతా మాట్లాడలేదు. అత్త సంతోషం సగమే మిగిలింది. అన్న ఇచ్చిన తాళం చేతిలో ఉంది గానీ, తల్లి ఊ అనలేదు. తల్లి చేత వద్దనిపించుకుని అడవిలోకి పోవడం తన వల్ల కాదని రాత్రి అన్నం దగ్గర నాతో చెప్పింది.

ఇప్పుడు మా స్కూటర్ సంగతి. మొన్న అది పలకకపోవడానికి కారణం పక్క స్టాండు. స్టాండు కింద ఉంటే ఈ కొత్త బండ్లు స్టార్ట్ కావట, ఆ సంగతి వాటికి ఎవరో ముందే చెప్పి పంపిస్తారు. అత్తే లేచి వచ్చి కాలితో స్టాండు పైకి తన్నింది. ఈ బండ్లు మంచివే, నేను కాదనను. మోకాళ్ల నొప్పులున్న నాకు బటన్ ఎంతో సుఖం. కానీ ఇవి అలిగితే వాసన చూడటానికి ఏమీ ఉండదు, పొయ్యి మీద కాల్చడానికి ఏమీ ఉండదు, ఇంటిల్లిపాదీ చుట్టూ మూగి తలా ఒక మాట అనడానికి చోటే ఉండదు. ఒక ఫోన్ చేస్తే ఎవరో వచ్చి తీసుకుపోతారు. ఆ పాత బండి మాకు పని చెప్పింది, పని చెప్పి మమ్మల్ని ఒకరికొకరం అయ్యేట్టు చేసింది. లెక్కల్లో తప్పిన నేను ఆ గోనెసంచి పక్కన నిలబడ్డాకే పుస్తకాలు మళ్లీ తీశాను. ఎక్కడ ఆగితే అక్కడే చూడాలన్న అత్త మాట లెక్కలకూ పనికొచ్చింది. అత్త ఆ గూడేల్లో రిటైరయ్యేదాకా పనిచేసింది. టీకా వేయించుకున్న పిల్లలు పెద్దవాళ్లై, వాళ్ల పిల్లలను ఎత్తుకుని ఆ బండి చప్పుడుకు ఎదురొచ్చేవాళ్లు.

కానీ ఆమె ఆ ఉద్యోగంలో చేరిందీ లేనిదీ తేలింది సోమవారం పొద్దున. మంచుపెట్టె కట్టడానికి తాడు సిద్ధంగా ఉంది, అత్త తెల్లచీర కట్టుకుని బండి పక్కన నిలబడింది. ఎక్కడం లేదు. అప్పుడు నాయినమ్మ లోపలి నుంచి వచ్చింది, చేతిలో నిమ్మకాయ. అత్తా నేనూ ఇద్దరం ముందు చూసింది నిమ్మకాయను కాదు, అది దేనికి గుచ్చి ఉందో అది. గోనెసంచులు కుట్టే తెల్ల దారం. ఆ దారాన్ని లైటు దగ్గర కాదు, వైర్లకు దూరంగా, హ్యాండిల్ కొసన, వదులుగా ముడి వేసింది నాయినమ్మ.

అత్త ఆ దారాన్ని వేలితో తాకి, "బాయి తీగ దొర్కలేదా అమ్మా?" అంది.

"దొర్కకేంది, ఇంటినిండ ఉన్నది" అంది నాయినమ్మ, ముడి సరిచూసుకుంటూ. "దారమైతె తెగుతది, తెగితె మళ్ల కట్టుకుందం. బండి ఆగితె ఎట్ల బిడ్డా?"